భాషల ముచ్చట్లు: ఇంటి వెనుక బాంబులు

పిల్లలూ! మీ స్నేహితుడు బడి నుంచి ఏడుస్తూ వచ్చి, "నా కాలం పోయింది!" అన్నాడనుకోండి. పోయింది కలమేనని తెలిశాక మీకు నవ్వు వస్తుంది గదా? ఒక్క దీర్ఘం వల్ల ఎంత పని జరిగిందో చూశారా!

మా తమ్ముడి కూతురికి ఇటువంటి చిక్కే వచ్చింది. తమ్ముడు ఉద్యోగం కోసం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నగరానికి వెళ్ళి, తొమ్మిదేళ్ళ పిల్లను అక్కడి బడిలో వేశాడు. ఆ దేశపు భాష డచ్చి. డచ్చిలో చెట్టును "బోమ్" అంటారు. దాన్ని రెండు 'ఓ' అక్షరాలతో వ్రాస్తారని పిల్ల నేర్చుకున్నది. ఒకనాడు పాఠంలో "మా ఇంటి వెనుక చెట్లు ఉన్నాయి" అనే వాక్యం వచ్చింది. చెట్లు అనే మాటలో ఒక్క 'ఓ' మాత్రమే కనిపించింది. పిల్ల దాన్ని పొట్టిగా, "బొమెన్" అని చదివింది. అంతే, తరగతి అంతా గొల్లుమన్నది. ఆ మాటకు అర్థం బాంబులు!

ఆనాటి నుంచి మా పిల్ల బడిలో నోరు విప్పటం మానేసింది. పంతులమ్మ ఏమడిగినా తల ఊపటమే.

ఇందులో పిల్ల తప్పేమీ లేదు. తెలుగులో దీర్ఘం కనిపిస్తే సాగదీస్తాం, లేకపోతే లేదు. డచ్చివారు వాడేది ఇంగ్లీషుకున్న 26 అక్షరాలే. వాటిలో దీర్ఘానికి వేరే గుర్తు లేదు. అందుచేత వాళ్ళు ఒక ఉపాయం చేశారు. మాటను చప్పట్లు కొడుతూ ముక్కలు చెయ్యాలి. సామాన్యంగా, ముక్క అచ్చుతో ఆగితే ఆ అచ్చు దీర్ఘం. ముక్కను హల్లు మూసేస్తే, లోపలి ఒంటి అచ్చు హ్రస్వం. మూసిన ముక్కలో దీర్ఘం కావాలంటే అచ్చును రెండుసార్లు వ్రాయాలి.

చెట్టు అంటే "బోమ్". ఉన్నది ఒకే ముక్క, దాన్ని చివర 'ఎమ్' మూసింది. కనుక రెండు 'ఓ'లు కావాలి. చెట్లు అంటే "బో-మెన్". మొదటి ముక్క 'ఓ' దగ్గరే ఆగింది. కనుక ఒకటి చాలు. మరి బాంబులో? "బొమ్-మెన్". ముక్కను మూయటానికి 'ఎమ్'ను రెండుసార్లు వ్రాస్తారు.

ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోటు ఒకటున్నది. "అమ్మ" అనేటప్పుడు మనం మకారాన్ని ఒత్తి పలుకుతాం. డచ్చివారు మాత్రం రెండు 'ఎమ్'లు వ్రాసినా ఒకదాన్నే పలుకుతారు. రెండోది పలకటానికి కాదు, ముందున్న అచ్చు సాగకుండా కాపలా కాయటానికి!

పంతులమ్మ మా పిల్లను దగ్గర కూచోబెట్టుకుని ఇదంతా చెప్పింది. పిల్ల తల ఊపిందే గాని పెదవి విప్పలేదు. అప్పుడావిడ తన కళ్ళు చూపించి, "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగింది. పిల్ల మెల్లిగా, "కళ్ళు" అన్నది. డచ్చిలో మన 'ళ' లేదు. పంతులమ్మ ఎంత ప్రయత్నించినా "కల్లు" అనే వచ్చింది. కల్లంటే ఏమిటో పిల్ల చెప్పగానే ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వి ఊరుకోక, మళ్ళీ పదిసార్లు ప్రయత్నించింది. మర్నాడు మా పిల్ల లేచి నిలబడి, ఇంటి వెనుక బాంబులు కాదు, చెట్లే నాటింది!

ఇప్పుడు మీరూ ఒక ప్రయోగం చెయ్యండి. అద్దం ముందు నిలబడి "ఈ" అనండి. నాలుకను కదపకుండా, పెదవులను మాత్రం "ఊ" అనేటప్పటిలా గుండ్రంగా చుట్టండి. వచ్చిన ధ్వని ఈ కాదు, ఊ కాదు. గోడ, నిప్పు అనే అర్థాలు గల డచ్చి మాటల్లోని అచ్చు అదే. దాన్ని రెండు 'యు'లతో వ్రాస్తారు. మన ఉకారం వంటి ధ్వనికైతే 'ఓ', 'ఇ' అక్షరాలను జత చేస్తారు. పుస్తకాన్ని వాళ్ళు అలా వ్రాసి, "బుక్" అనే అంటారు!

డచ్చివారు మనకు కొత్తవారు కారు. 1602లో ఏర్పడిన వారి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలోనూ, భీమునిపట్నంలోనూ వర్తకం చేసింది. ఆ రెండు ఊళ్ళలోనూ డచ్చివారి సమాధులున్నాయి. అటు వెళితే చూసి రండి.

చివరకు ఒక చిక్కుప్రశ్న. డచ్చిలో "రామ్" అంటే కిటికీ; రెండు 'ఏ'లు వ్రాస్తారు. "రమ్" అంటే పొట్టేలు. ఒక్క 'ఏ' చాలు. బహువచనానికి చివర "ఎన్" అనే ధ్వని చేరుతుంది. మరి కిటికీలను, పొట్టేళ్ళను ఎలా వ్రాయాలి? చప్పట్లు కొట్టి చూసి, తరవాతనే జవాబు చదవండి.

జవాబు: కిటికీలు "రా-మెన్" గనుక ఒక 'ఏ' పోతుంది. పొట్టేళ్ళు "రమ్-మెన్" గనుక ఒక 'ఎమ్' ఎక్కువవుతుంది.