బోగీకి ఉన్న చిట్టా బడిపిల్లకు ఉండవద్దా?

మౌలాలి స్టేషన్‌లో ఆగిన ప్రయాణికుల బోగీని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? దాని పక్కన ఒక నంబరు ఉంటుంది. సాధారణంగా అందులోని మొదటి రెండు అంకెలు అది తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. బోగీ చివర చిన్న అక్షరాలతో మరో రెండు తేదీలు కనిపిస్తాయి. వర్క్‌షాపులో దాన్ని చివరిసారి పూర్తిగా మరమ్మతు చేసింది ఎప్పుడో ఒకటి చెబుతుంది. మళ్లీ ఎప్పటికల్లా తిరిగి రావాలో రెండవది చెబుతుంది. దగ్గరలోని లాలాగూడ వర్క్‌షాపులో జరిగేది ఆ పనే. బోగీ దేశంలో ఏ మూలకు పోయినా ఆ తేదీలు దానితోపాటే పోతాయి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ కళ్లను చివరిసారి పరీక్షించింది ఎప్పుడు? ఏం తేలింది? మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి? మీలో ఎందరు వెంటనే జవాబు చెప్పగలరు? చెప్పలేకపోతే తప్పు మీది కాదు. ఆ జవాబు మీ వెంట వచ్చే ఏర్పాటు లేకపోవడమే తప్పు.

మన దేశంలో బడిపిల్లలకు వైద్యపరీక్షలు కొత్తవి కావు. 1909లోనే బరోడా నగరంలో మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది. 2013లో దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రారంభమయింది. పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ల వరకు పిల్లలలో పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు రకాల ఇబ్బందులను ముందుగా పసిగట్టడం దాని ఉద్దేశం. వైద్యబృందం ఏడాదికి ఒకసారి ప్రభుత్వ బడికి రావాలని అందులో నిర్ణయించారు. కనుక పరీక్షించే ఏర్పాటు ఉంది. పరీక్ష తరువాత ఏమయిందన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మౌలాలిలో ఒక బడి. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి. ఆరు మీటర్ల దూరంలో ఉన్న పట్టికలో కింది వరుసల అక్షరాలు ఆమెకు కనబడలేదు. ఆసుపత్రికి వెళ్లమని చీటీ ఇచ్చారు. తండ్రి ఒక పూట పని మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. వచ్చే వారం చూద్దామనుకున్నారు. చీటీ పుస్తకాల సంచిలో నలిగిపోయింది. మరుసటి ఏడు వచ్చిన బృందం మళ్లీ అదే పట్టిక చూపించి, మళ్లీ అలాంటి చీటీయే ఇచ్చింది. రిజిస్టరులో ఆమె రెండుసార్లు ‘పరీక్షించబడింది’. నల్లబల్ల మాత్రం ఆమెకు ఒక్కసారి కూడా సరిగ్గా కనబడలేదు. పక్కపిల్ల నోటుపుస్తకం చూసి రాసుకుంటున్నదని, చదువులో మందకొడి అని ఆమెకు పేరు వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఇది కూడా ఊహించిన లెక్కే. ఆ బడిలో 420 మంది పిల్లలున్నారు. 399 మందిని పరీక్షించారు. అంటే నూటికి 95. భేష్ అనిపిస్తుంది. వారిలో 40 మందికి చూపు తక్కువని తేలింది. 24 మంది ఆసుపత్రికి వెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నారు. ఆరు నెలల తరువాత చూస్తే 12 మందే పెట్టుకుంటున్నారు. అంటే కళ్లజోడు కావలసినవారిలో నూటికి 30 మందికే మేలు జరిగింది. ఒకే బడి, ఒకే ఏడు. ఒక లెక్క 95 అంటుంది, మరొకటి 30 అంటుంది. పై అధికారికి ఏది పంపిస్తారో మీరే ఊహించండి!

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. పరీక్ష రోజున రాని ఆ 21 మంది ఎవరు? జ్వరంతో ఇంట్లో పడుకున్నవారు ఉండవచ్చు. ఆయాసంతో తరచు బడి మానేసేవారు ఉండవచ్చు. పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వారే లెక్కలోంచి జారిపోయే ప్రమాదముంది.

ఎలక్ట్రానిక్ ఆరోగ్య నమోదు ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. కాగితం రిజిస్టరులో పేజీ తేదీని బట్టి నడుస్తుంది. కంప్యూటరు నమోదులో వివరాలన్నీ ఒక మనిషి చుట్టూ చేరతాయి. ఒక్కొక్క విద్యార్థికి ఒక సంఖ్య ఉంటుంది. ఈ ఏటి ఎత్తు, బరువు, చూపు నిరుటి వాటి పక్కనే కనిపిస్తాయి. పోయిన ఏడు 142 సెంటీమీటర్లున్న పిల్లవాడు ఈ ఏడు 138 అని నమోదైతే, ఎక్కడో పొరపాటు జరిగిందని యంత్రం హెచ్చరించగలదు. చీటీ తీసుకుని 30 రోజులైనా ఆసుపత్రికి చేరనివారు ఎవరని అడిగితే వారి జాబితా ఇవ్వగలదు. నాన్నకు బదిలీ అయి కాజీపేటకు మారినా మీ ఆరోగ్య వివరాలు మీ వెంట రాగలవు.

వైద్యం నాణ్యతను ఫలితంతో కొలవాలన్న ఆలోచన కంప్యూటరు కంటే పాతది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. రోగికి తాను చేసిన చికిత్సను కార్డుమీద రాసుకుని, ఏడాది తరువాత ఆ రోగి ఎలా ఉన్నాడో కనుక్కుని దానిమీదనే రాసేవాడు. 1911 నుంచి 1916 వరకు తన ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 337 మంది విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేసి ప్రకటించాడు! తోటి వైద్యులలో చాలామందికి ఆయన తీరు నచ్చలేదు. ఈనాడు వైద్యలోకం ఆయనను గౌరవంతో తలచుకుంటుంది.

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కంటి రోగుల వివరాలకోసం సొంతంగా ఎలక్ట్రానిక్ నమోదు పద్ధతిని రూపొందించుకుంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ ‘పనేసియా’ అనే కేంద్రాన్ని నెలకొల్పి, విద్యార్థుల ఆరోగ్య వివరాలను కంప్యూటరులో చేర్చే పని చేపట్టింది. కేంద్రప్రభుత్వం ప్రకటించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి విద్యార్థికీ ఎలక్ట్రానిక్ ఆరోగ్య నమోదు ఉండాలన్నది ఒక అంశం.

అయితే కంప్యూటరు కొన్నంత మాత్రాన పని అయిపోదు. మనం ఏ ప్రశ్న అడిగితే యంత్రం దానికే జవాబు చెబుతుంది. రక్తహీనత సంగతి తీసుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువగా ఉంది. బడులలో వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన నీలి మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. ‘ఎన్ని మాత్రలు పంచారు?’ అని మాత్రమే అడిగితే పంచిన సంఖ్య పెరుగుతుంది. మాత్ర కిటికీలోంచి బయటికి పోయినా ఆ లెక్కలో తేడా రాదు. ‘హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువగా ఉన్న అమ్మాయిలలో ఆరు నెలలకు ఎందరు 12 దాటారు?’ అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకొక అభ్యంతరం ఉంది. అది న్యాయమైనది. నా జబ్బు సంగతి ఊరందరికీ ఎందుకు తెలియాలి? నిజమే, తెలియకూడదు. పేరుతో ఉన్న వివరాలు చికిత్స చేసేవారి వద్దనే ఉండాలి. బడికి, అధికారులకు అంకెలు చాలు. అంకెలతోనూ జాగ్రత్త అవసరం. ‘ఎనిమిదవ తరగతిలో మూర్ఛవ్యాధి: ఒకరు’ అని గోడకు అంటిస్తే పేరు రాయకపోయినా అందరికీ తెలిసిపోతుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కించి, వారి సమాచారానికి ప్రత్యేక రక్షణ కల్పించింది. అలాగే నర్సమ్మ చూపంతా తెరమీదే ఉండి, ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చూడడానికి తీరిక లేకపోతే ఆ నమోదువల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. అందుకే అడిగే ప్రశ్నలు కొద్దిగా ఉండాలి, అవసరమైనవే ఉండాలి.

నా అభిప్రాయంలో మూడు ప్రశ్నలతో మొదలుపెడితే చాలు. పరీక్షకు రానివారు ఎవరు? లోపం బయటపడినవారిలో ఎందరికి, ఎన్ని రోజులలో చికిత్స అందింది? ఆ తరువాత వారు బాగుపడ్డారా? ఈ మూడింటికీ జవాబు ఇవ్వలేని కంప్యూటరు ఖరీదైన రిజిస్టరు మాత్రమే. ఇవ్వగలిగితే 20 రూపాయల నోటుపుస్తకమైనా మంచి నమోదే.

ఆ నోటుపుస్తకాన్ని మీరే ప్రారంభించవచ్చు. ఒక పేజీలో తేదీ, ఎత్తు, బరువు, చూపు, హిమోగ్లోబిన్, పళ్ల పరిస్థితి రాసుకోండి. డాక్టరు ఇచ్చిన చీటీని అందులోనే అతికించండి. దానికి ఎదురుగా ‘ఏమయింది?’ అని రాసి కొంత ఖాళీ వదలండి. ఆ ఖాళీ నిండేదాకా ఇంట్లోనూ, బడిలోనూ అడుగుతూనే ఉండండి. పక్కపిల్ల నోటుపుస్తకంలోకి తొంగిచూసే స్నేహితురాలు మీ తరగతిలో ఉంటే, ఆమెను నవ్వులపాలు చేయకుండా ముందుగా ఆమె చీటీ ఏమయిందో కనుక్కోండి.