అంచనా గురుత్వం, కొలిచిన గురుత్వం: దిద్దవలసినది దేనిని?

మామిడి రసాన్ని పులియబెట్టి వైన్‌గా మార్చే పరిశోధన మన రాష్ట్రానికి కొత్త కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లోనే ఈ అంశంపై వ్యాసం ప్రచురించారు. నేడు ఇటువంటి ప్రయోగాలు చేసేవారికి, ఇంటివద్ద బీరు, వైన్ తయారుచేసుకొనే విదేశీయుల కోసం రూపొందిన సాఫ్ట్‌వేర్లు కూడా అందుబాటులో ఉన్నాయి. రసం, చక్కెర, తుది పరిమాణం నమోదు చేస్తే కిణ్వనానికి ముందు ఉండవలసిన విశిష్ట గురుత్వాన్ని అవి క్షణంలో చెబుతాయి. హైడ్రోమీటరు చూపే అంకె మాత్రం తరచుగా దానితో కలవదు. అప్పుడు సాఫ్ట్‌వేరులోని దిగుబడి గుణకాన్ని మార్చి, అంచనాను కొలతకు సరిపెట్టే అలవాటు కనిపిస్తున్నది. ఇది వ్యత్యాసాన్ని తొలగించదు, దాని కారణాన్ని కప్పిపుచ్చుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 16 బ్రిక్స్ గల 19 లీటర్ల రసంలో కిలోన్నర చక్కెర కరిగిస్తే సుమారు 20 లీటర్ల ద్రవం, 1.091 గురుత్వం రావాలి. రసం నిజానికి 14 బ్రిక్స్ మాత్రమే అయితే వచ్చేది 1.083. ఈ తేడా వైన్‌లో దాదాపు ఒక శాతం ఆల్కహాలుకు సమానం. చక్కెర ఎక్కడైనా చక్కెరే. మామిడి అలా కాదు. బంగినపల్లికీ, రసాలకూ, మనవారు కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురికీ తీపి వేరు. ఒకే చెట్టు కాయలలోనూ పక్వతను బట్టి అది మారుతుంది.

రెండవది పరిమాణం. పాత్రలు కడిగిన నీరు ఒక లీటరు అదనంగా చేరినా పై ద్రవం గురుత్వం 0.004కు పైగా పడిపోతుంది. మూడవది ఉష్ణోగ్రత. అనేక హైడ్రోమీటర్లు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద క్రమాంకనం చేసినవి. ఎన్టీఆర్ జిల్లాలో నెమలి, తిరువూరు ప్రాంతపు మామిడి కోతకు వచ్చేది వేసవిలో. 35 డిగ్రీల రసంలో అదే పరికరం సుమారు 0.004 తక్కువ చూపుతుంది. నాలుగవది నమూనా. చక్కెర పూర్తిగా కలవకముందే పైభాగం నుంచి తీసిన రసం, వడకట్టని చిక్కని గుజ్జు, రెండూ తప్పు అంకెనే ఇస్తాయి. ఇక కిణ్వనం మొదలయ్యాక రిఫ్రాక్టోమీటరును యథాతథంగా నమ్మరాదు. ఆల్కహాలు కాంతి వక్రీభవనాన్ని మార్చడం వల్ల చక్కెర పూర్తిగా అయిపోయినా అది కొన్ని బ్రిక్స్ మిగిలినట్లే చూపుతుంది.

ఇన్ని కారణాలను ఒకే గుణకంలోకి నెట్టివేస్తే, ఈ ఏడు కుదిరిన అంచనా వచ్చే ఏడు మళ్లీ తప్పుతుంది. దిగుబడి గుణకాన్ని దిద్దే హక్కు, మిగిలినవన్నీ సరిచూసిన తరువాతనే లభిస్తుంది.

ఇది ప్రయోగశాల ముచ్చట మాత్రమే కాదు. ధర పడిపోయిన ఏడాది కాయను విలువ ఆధారిత ఉత్పత్తిగా మార్చాలని రైతులకు చెబుతున్నాము. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం చట్టవిరుద్ధం కనుక ఇటువంటి యూనిట్లు ఎక్సైజు అనుమతితోనే నడవాలి. సీసాపై ముద్రించిన ఆల్కహాలు శాతానికి అవి బాధ్యత వహించాలి. అక్కడ ఒక శాతం చిన్న తేడా కాదు.

కావున విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం. రకాలవారీగా, పక్వత దశలవారీగా మన మామిడి రసపు బ్రిక్స్, ఆమ్లత, కిలో పండుకు వచ్చే రసం ఎంతో తెలిపే పట్టికలను కొన్ని సీజన్లపాటు సేకరించి తెలుగులో ప్రచురించాలి. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో అంచనా గురుత్వాన్నీ, కొలిచిన గురుత్వాన్నీ, కొలిచినప్పటి ఉష్ణోగ్రతనూ పక్కపక్కనే నమోదు చేయడం తప్పనిసరి చేయాలి. మన పండు కొలతలు లేని సాఫ్ట్‌వేరు మన పండు గురించి సరిగా చెప్పలేదు. ఆ కొలతలు సమకూర్చవలసినది మనమే.