చెవిలో హోరుకు గోళీలు కొనేముందు ఒక్క మాట

రైతన్నలారా, ట్రాక్టరు, పవర్ స్ప్రేయర్ మోతలో ఏండ్లకేండ్లు పనిచేసినోళ్లకు రాత్రి పడుకోగానే చెవిలో గుయ్యిమంటది. మెడికల్ షాపులో అడిగితే జింక్, గింకో గోళీలు చేతిలో పెడతరు. లోపం లేని మడికి జింక్ వేస్తే దిగుబడి పెరుగుతదా? ఇదీ అంతే. చెవి హోరుకు గింకో, జింక్, మెలటోనిన్ లాంటివి రాయొద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014లోనే డాక్టర్లకు చెప్పింది. పైగా రక్తం పల్చబడే మందులు వాడేటోళ్లు గింకో వేసుకుంటే రక్తస్రావం ముప్పు.

ఆ పైసలతో ముందు చెవి పరీక్ష చేయించుకోండి. గులిమి అడ్డుపడ్డా హోరు వస్తది, తీయిస్తే తగ్గొచ్చు. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఆగొద్దు, వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోవాలె. మిషన్ స్టార్ట్ చేసేముందు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మోతకు పోయిన వినికిడిని ఏ గోళీ తిరిగి తేలేదు.