జీవిత చరిత్రలు చదువుదాం! పిల్లల చేత చదివిద్దాం!

యువతీ యువకులారా! తల్లిదండ్రులారా! ఉపాధ్యాయులారా!

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఒక్క పరీక్ష తప్పితే బతుకే తప్పిపోయిందని కుంగిపోయే పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లకు ధైర్యం చెప్పగల మనుషులు మన నేల మీదే పుట్టారు. వాళ్ల కథ మనం పిల్లలకు చెప్పడం లేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగారు. ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు అది కంటగింపైంది. చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ఆయన ఆగలేదు. అమెరికా చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశాయి, బోదకాలుకు మందు కనిపెట్టాయి. ఆయన బృందం ఇచ్చిన అమినాప్టెరిన్‌తోనే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలిసారి కొంత ఉపశమనం దొరికింది. అదే ఏడాది, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

మన ఆడబిడ్డలు గర్భంతో ఉన్నప్పుడు వేసుకునే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఆయన శ్రమ ఉంది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర వెనుకా ఉంది. మాత్ర మింగాం. మనిషి పేరు పిల్లలకు చెప్పామా?

రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని ఆమె కాదనుకున్నారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత మెట్రిక్ నుంచి మొదలుపెట్టి న్యాయశాస్త్రం దాకా చదివి, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

నల్గొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, నిజాం పాలనలోని తెలంగాణలో ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు.

జీవిత చరిత్ర విలువ మన పెద్దలకు తెలుసు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల తొలి పుస్తకంగా అచ్చువేసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రనే.

అందుకే ఈ విన్నపం:

• తల్లిదండ్రులారా! పుట్టినరోజు కానుకగా ఒక జీవిత చరిత్ర కొనివ్వండి. రోజూ రాత్రి పది నిమిషాలు ఇంట్లో పైకి చదివించండి.

• ఉపాధ్యాయులారా! బడి అసెంబ్లీలో వారానికో మనిషి కథ చెప్పించండి. పతకాలతో ఆపకండి. తప్పిన పరీక్ష, ఎదురైన అవమానం, పడ్డ ఆకలి కూడా చెప్పించండి. పిల్లలకు ఆసరా దొరికేది అక్కడే.

• యువతీ యువకులారా! ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. ఆ గ్రంథాలయం మనది. వెళ్లండి, సభ్యత్వం తీసుకోండి. జీవిత చరిత్రలకు ప్రత్యేకంగా ఒక బీరువా కావాలని అడగండి.

• మీ ఊళ్లోనే కష్టపడి పైకొచ్చిన రైతును, నర్సును, టీచరును కలవండి. వాళ్ల కథ అడిగి రాసుకోండి, పదిమందికి చదివి వినిపించండి.

జనవరి 12 వివేకానందుడి జయంతి, జాతీయ యువజన దినోత్సవం. సుబ్బారావు పుట్టిందీ ఆ రోజే. ఆ రోజున ప్రతి ఊళ్లో, ప్రతి వార్డులో ఒక జీవిత చరిత్రను అందరూ కూర్చుని చదువుదాం. రండి, మీ పిల్లలను వెంటబెట్టుకుని రండి!

ఈ కరపత్రం చదివాక మరొకరి చేతికి ఇవ్వండి.

ఇట్లు,
మీ గ్రంథాలయ పాఠకులు