ఒక్క కుర్చీ చాలునా?

సిల్తారాలోని స్పాంజి ఐరన్ కిల్న్‌లలో వేడిని ఒక్కచోట కొలిచి ఊరుకోరు. పొడవునా పలుచోట్ల థర్మోకపుల్స్ అమర్చుతారు. కంపెనీల డైరెక్టర్ల మండలికీ ఇదే నీతి వర్తిస్తుందని మేము భావిస్తున్నాము.

లిస్టెడ్ కంపెనీల మండలిలో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 నాటి కంపెనీల చట్టం నిర్దేశించింది. మన పొరుగున ఉన్న భిలాయ్ కర్మాగారపు మాతృసంస్థ సెయిల్‌కు 2021 జనవరిలో సోమా మండల్ తొలి మహిళా చైర్మన్ అయ్యారు. ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరు కావడం మావంటి వారికి మరింత సంతోషదాయకము.

అమెరికా కంపెనీలపై ఆడమ్స్, ఫెరీరా 2009లో వెలువరించిన పరిశోధన ప్రకారం మహిళా డైరెక్టర్లు సమావేశాలకు క్రమం తప్పక హాజరవుతారు. వారి సంఖ్య పెరిగినచోట పురుషుల హాజరు సైతం మెరుగుపడింది. అయితే ప్రతి సంస్థకూ లాభం పెరుగుతుందని వారు చెప్పలేదు; అజమాయిషీ బలహీనంగా ఉన్నచోటనే మేలు కనిపించింది. మండలిలో ముగ్గురైనా ఉంటేనే మహిళల మాటకు తగిన విలువ లభిస్తుందని కాన్రాడ్, క్రామర్, ఎర్కుట్ 2008లో పేర్కొన్నారు.

ఒక్క కుర్చీతో చట్టం తృప్తి చెందవచ్చును. సంస్థ తృప్తి చెందరాదు. మన సోదరీ ఇంజనీర్లను ప్లాంటు బాధ్యతలకు దూరంగా ఆఫీసు బల్లలకే పరిమితం చేసినచో, ఇరవై ఏళ్ల తరువాత మండలికి పంపుటకు ఎవరుంటారు? విభాగాధిపతులు ఆలోచించెదరు గాక.