పొలానికి మట్టి పరీక్ష సరే, పునాదికి ఏదీ?

పైరు వేసే ముందు మట్టి పరీక్ష చేయించుకోండని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నాం. 2015లో సాయిల్ హెల్త్ కార్డులు వచ్చాక 12 అంశాలు కాగితం మీద కనబడుతున్నాయి. మంచిదే. మరి జన్మకొక్కసారి కట్టుకునే ఇంటికి గునపం వేసే ముందు మట్టి సంగతి ఎవరైనా అడుగుతున్నారా? ముహూర్తం అడుగుతాం, వాస్తు అడుగుతాం. మట్టి మాట మాత్రం ఎత్తం.

బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం వైపు రైతులకు పాలచౌడు కొత్త కాదు. ఎండాకాలం నేల మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. సముద్రపు ఉప్పులో క్లోరైడుతో పాటు సల్ఫేటు కూడా ఉంటుంది. సముద్రపు నీరు లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. పంట పండని చౌడు చెక్కను "ఇళ్లకైనా పనికొస్తుందిలే" అని స్థలాలుగా కొట్టేస్తాం. ఇక్కడే దెబ్బతింటున్నాం.

తడిలో కరిగిన సల్ఫేటు కాంక్రీటులోకి దిగి, సిమెంటులోని అల్యూమినేటుతో కలుస్తుంది. దాంతో లోపల కొత్త స్ఫటికాలు పుట్టి ఉబ్బుతాయి. చోటు చాలక కాంక్రీటు బీటలు వారుతుంది, అంచులు రాలిపోతాయి, పోనుపోను మెత్తబడుతుంది. మరో పక్క క్లోరైడు ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. అంతా మట్టి కింద జరిగేది కాబట్టి గోడ పగిలేదాకా మనకు తెలియదు. గోడ చౌడెక్కగానే పునాది పోయినట్టు కాదు. కానీ నేలలో ఉప్పు, తేమ ఉన్నాయనడానికి అది గుర్తు.

దీనికి మార్గం లేకపోలేదు. ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం మట్టిలో సల్ఫేటు, సల్ఫర్ ట్రైఆక్సైడు లెక్కన, 0.2 శాతం దాటితే మామూలు కాంక్రీటు చాలదు. 0.5 శాతం దాకా ఉంటే మామూలు సిమెంటైనా ఘనపు మీటరుకు కనీసం 330 కిలోలు వేయాలి. నీళ్లు సిమెంటు బరువులో సగం మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తడితో కలిపి, 25 లీటర్లే. పని తేలిగ్గా సాగుతుందని మేస్త్రి బకెట్ల కొద్దీ పోస్తుంటే ఊరుకోకండి. ఆ నీళ్లే తర్వాత సల్ఫేటుకు దారులవుతాయి.

సల్ఫేటును తట్టుకునే ప్రత్యేక సిమెంటు ఉంది గానీ, క్లోరైడు కూడా ఉన్నచోట అది సరిపడదు. అలాంటి చోట 50 శాతానికి మించి స్లాగు ఉన్న సిమెంటు గురించి ఇంజనీరును అడగండి. ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలపొద్దు. ఇంకో మాట. కారుచౌడుకు మనం వేసే జిప్సం కూడా సల్ఫేటే. ఆ బస్తాలను ఇంటి గోడకు ఆనించి పేర్చొద్దు. జిప్సం వేసి కడిగిన పొలం నీళ్లు పునాది పక్కన నిలవకుండా చూసుకోండి.

సాయిల్ హెల్త్ కార్డులోని గంధకం అంకె చూసి సరిపెట్టుకోకండి. అది పైరుకు అందే గంధకం. పునాది లోతున తీసిన మట్టిని, అక్కడ ఊరిన నీటిని విడిగా పరీక్ష చేయించాలి.

ఇదంతా అప్పు చేసి రెండు గదులు వేసుకునే చిన్న రైతు ఒక్కడి మీద వేస్తే అయ్యే పనేనా? కాదు. స్థలాలు పంచేది, పథకం ఇళ్లు కట్టించేది ప్రభుత్వం. లేఅవుటుకు నాలుగైదు చోట్ల మట్టి తీసి పరీక్ష చేయించి, ఏ సిమెంటు వాడాలో, నీళ్లెన్ని పోయాలో ఎస్టిమేటులోనే రాసి ఇవ్వాలి. చౌడు నేలకూ మంచి నేలకూ ఒకే ఎస్టిమేటు ఇస్తే నష్టపోయేది పేదవాడే. ఆ పరీక్ష ఖర్చు కూలిన గోడ మళ్లీ కట్టే ఖర్చులో ఏ మూలకూ రాదు. పట్టా చేతికి తీసుకునే రోజే, గ్రామసభలో నలుగురూ కలిసి ఈ మాట గట్టిగా అడగాలి.