కొనేముందు కొలుద్దాం



గత ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దల కూటంలో ఒక చిన్న వస్తువు మీద పెద్ద చర్చ జరిగింది. మన ఆఫీసు గదిలోని కంప్యూటరు బాగా నెమ్మదించింది. మెమరీ పెంచితే చాలని యౌవనస్థులు అన్నారు. పాతదాని మీద డబ్బు పోయడం దండగ, కొత్తది కొందామని ఇద్దరు పెద్దలు అన్నారు. ఉన్నదానితోనే నెట్టుకొద్దామని మిగతావారు అన్నారు. చివరికి అందరూ నా వైపు తిరిగి "అయ్యగారూ, మీరు చెప్పండి" అన్నారు. ఆ రోజు నేను చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. వారం రోజులు దాని ముందు కూర్చుని చూసి, ఇప్పుడు నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా నావి రెండు తప్పులు ఒప్పుకోవాలి. పాటలు టైపు చేసే తమ్ముడిని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఒక పేజీకి గంట ఏమిటయ్యా అన్నాను. ఆలస్యం అతని చేతుల్లో లేదని ఈ వారమే నాకు అర్థమైంది. రెండోది, పోయిన ఏడాది ఎవరినీ అడగకుండా టౌనుకు వెళ్లి ఒక మెమరీ స్టిక్కు కొనుక్కొచ్చాను. అది డీడీఆర్4. మన పెట్టెలో ఉన్నది డీడీఆర్3. స్టిక్కు అంచున ఉండే చిన్న గాడి ఒక రకానికి ఒకచోట, మరో రకానికి మరోచోట ఉంటుంది కాబట్టి ఒకదాని చోట మరొకటి కూర్చోదు. తప్పు దుకాణంవాళ్లది కాదు. ఏ రకం కావాలో చూసుకోకుండా వెళ్లినవాడిని నేనే. ఆ స్టిక్కు ఇంకా నా బీరువాలోనే ఉంది.

ఇక చర్చ ఎందుకు మొదలైందో మీలో కొందరికి తెలుసు. డిగ్రీ చదువుతున్న మన సంఘపు ఆడబిడ్డ ఒకతె స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టడానికి సాయంత్రం మన గదికి వచ్చింది. మర్నాడే ఆఖరి రోజు. సగం నింపేసరికి తెర బిగుసుకుపోయింది. మళ్లీ మొదటినుంచి నింపింది, మళ్లీ అదే. మూడోసారి కూడా అంతే. తెల్లవారి మొదటి బస్సుకు తల్లిని తోడు తీసుకుని మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు వెళ్లింది. దరఖాస్తు అందింది, దేవునికి స్తోత్రం. కానీ ఆ తల్లికి ఒకరోజు మిరప కోత కూలి పోయింది. మన కానుకల పెట్టెలో పడేది అలాంటి కూలి డబ్బే. అందుకే ఇది కంప్యూటరు గురించి మాత్రమే కాదు, కష్టపడి సంపాదించినదాన్ని ఎలా ఖర్చుపెడుతున్నామన్న మాట కూడా.

మెమరీ అంటే ఏమిటో మన భాషలో చెప్తాను. హార్డ్ డిస్కు గాదె లాంటిది, మెమరీ కళ్లం లాంటిది. పని జరిగేది కళ్లంలో. కళ్లం చిన్నదైతే, పని మధ్యలో ఉన్న సరుకును గాదెకు మోసి, మళ్లీ తెచ్చి, మళ్లీ మోయాలి. మన కంప్యూటరు చేస్తున్నది అదే. మెమరీ చాలనప్పుడు అది డిస్కును మెమరీకి బదులు వాడుకుంటుంది. డిస్కు ఎంతో నెమ్మది కాబట్టి తెర బిగుసుకున్నట్టు కనిపిస్తుంది.

అలాగని నెమ్మదించిన ప్రతి కంప్యూటరుకూ మెమరీయే మందు కాదు. జ్వరం ఉందో లేదో చూడకుండా మాత్ర వేసుకోం కదా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ ఎంత వాడుకలో ఉందో, స్లాట్లు ఎన్ని ఉన్నాయో, డిస్కు ఎంత శ్రమపడుతోందో కనిపిస్తుంది. పాటల ఫైలు, బ్రౌజరు, తెర మీద పాటలు చూపే పవర్‌పాయింటు మూడూ తెరిచి చూశాను. ఉన్న 4 జీబీ దాదాపు నిండిపోయింది. డిస్కు 100 శాతం దగ్గరే నిలబడింది. కమిటెడ్ అనే లెక్క, అంటే తెరిచిన పనులన్నిటికీ కలిపి ఇస్తానని కంప్యూటరు మాటిచ్చిన మెమరీ, 6 జీబీ లోపే ఉంది. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉంది.

అంటే మనకు మెమరీ నిజంగానే చాలడం లేదు, 8 జీబీ ఉంటే చాలు. 16 జీబీ వేసినా మన పనికి తేడా పెద్దగా కనిపించదు. మరొకటి కూడా చూశాను. విండోస్ 32 బిట్ రకమైతే 4 జీబీకి మించి వేసినా అది వాడుకోలేదు. మనది 64 బిట్, కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అయితే ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. ఆ జబ్బు మెమరీతో పోదు. అది పాత హార్డ్ డిస్కు జబ్బు, దానికి ఎస్‌ఎస్‌డీ వేయాలి.

ఇక పెద్దలు అడిగిన ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా మార్పులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మన ప్రాసెసరు మూడో తరం ఐ3. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అనుమతి. మెమరీ వేసి వేగం పెంచితే మన పిల్లలు ఇంకా ఎక్కువగా వచ్చి ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు అందులో కొడతారు. తలుపుకు గడియ లేని ఇంటికి సున్నం కొట్టి చుట్టాలను పిలిచినట్టు అవుతుంది. ఈ మాట యౌవనస్థులు ఆలోచించాలి.

అందుచేత నా అభిప్రాయం ఇది. సెకండ్ హ్యాండ్‌లో 4 జీబీ డీడీఆర్3 స్టిక్కు ఒకటి, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయిద్దాం. నేను అడిగిన దుకాణంలో రెండూ, బిగింపు కూలీ కలిపి 4,000 లోపు అవుతుందన్నారు. కొత్త కంప్యూటరుకు 30,000 చెప్పారు. పైగా కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరినుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కొత్త కంప్యూటరు కొనడానికి ఇది మంచి సమయం కాదు.

ఎస్‌ఎస్‌డీలో లినక్స్ మింట్ వేసుకుందాం. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, భద్రతా మార్పులు వస్తాయి, దరఖాస్తులకూ ఇంటర్నెట్ పనులకూ సరిపోతుంది. మన పాటల పుస్తకం మాత్రం అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఉంది, అది లినక్స్‌లో అలాగే తెరుచుకోదు. కాబట్టి విండోస్ ఉన్న పాత డిస్కును తీసేయకుండా ఉంచి, అటువైపు ఇంటర్నెట్ ఆపేసి, టైపు పనికే వాడుకుందాం. ఏ పనీ మొదలుపెట్టక ముందే పాటలనూ సంఘ రిజిస్టరునూ వేరే డ్రైవులోకి కాపీ చేయాలి. పాత డిస్కు చెప్పి చచ్చిపోదు.

"రేపు మదర్‌బోర్డు పోతే ఆ 4,000 కూడా పోయినట్టే కదా" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. స్టిక్కు పోయినట్టే, ఎందుకంటే కొత్త కంప్యూటరుకు అది సరిపోదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తదానిలోనూ పనికొస్తుంది. మనం నిజంగా పందెం కాసేది స్టిక్కు ధర, బిగింపు కూలీ మాత్రమే. ఆ పందేనికి నేను ఒప్పుకుంటాను. ఈ ఏర్పాటుతో రెండేళ్లు గడిస్తే చాలు. ఈలోగా నెలకు కొంత పక్కనపెడదాం. రెండేళ్ల తర్వాత మాత్రం ఇంకో స్టిక్కు, ఇంకో భాగం అంటూ పాతదానికి మరమ్మతులు చేయించనని ఇప్పుడే మాట ఇస్తున్నాను.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానం మీ అందరికీ తెలుసు. దాని మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. అయినా స్టిక్కు కొనడానికి వెళ్లినప్పుడు లెక్క చూసుకోలేదు. టైపు చేసే తమ్ముడిని విసుక్కున్నప్పుడూ చూసుకోలేదు. ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాను. అతను నవ్వి "పర్లేదు అయ్యగారూ, ముందు ఆ దుమ్ము దులపండి" అన్నాడు. పెట్టె విప్పి చూస్తే లోపల ఫ్యాను నిండా ఎర్రటి మిరప దుమ్ము.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత తుది నిర్ణయం తీసుకుందాం. నా మాటతో ఏకీభవించనివారు తప్పక రండి. ఆ చెల్లెలినీ ఆమె తల్లినీ కూడా రమ్మన్నాను. కంప్యూటరు ఎవరి కోసమో వాళ్లు కూటంలో లేకుండా నిర్ణయించడం సరికాదు.

మీ సంఘ సేవకుడు